మెటల్ మ్యాన్‌తో మొదలెట్టాలా, ఎయిర్ మ్యాన్‌తోనా?

పాత టీవీ వీడియో గేమ్ డబ్బాకి చాలా ఏళ్ల తర్వాత కరెంటు ఇస్తే, పది నిమిషాల్లో ఒక వాసన మొదలవుతుంది. వేడెక్కిన ప్లాస్టిక్, కాలిన దుమ్ము, కొంచెం మైనం లాంటి కమురు కలిసిన వాసన. అది లోపల ఉండే 7805 అనే చిన్న రెగ్యులేటర్ వల్ల వస్తుంది. అడాప్టర్ నుంచి 9 వోల్టులు వస్తే, బోర్డుకి కావలసింది 5 వోల్టులే. మిగిలిన నాలుగు వోల్టులనీ ఆ ముక్క వేడిగా మార్చి బయటికి వదిలేస్తుంది. దానికి బిగించిన అల్యూమినియం రేకు మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మే ఆ వాసనకి మూలం. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నమంతా ఆ డబ్బా ముందు కూర్చున్నవాళ్లకి ఇంతకంటే ఏమీ చెప్పక్కర్లేదు. ఆ వాసన తగిలిందంటే నీలం రంగు బుల్లి రోబో ఒకడు కళ్లముందు దూకుతాడు.

వాడి పేరు జపాన్‌లో రాక్‌మ్యాన్, అమెరికాలో మెగా మ్యాన్. మన వీధుల్లో వాడికి పేరే లేదు, ‘నీలం రోబో’ అంతే. ఈ కబుర్లన్నీ వాడి రెండో ఆట రాక్‌మ్యాన్ 2 గురించి. మెటల్ మ్యాన్, ఎయిర్ మ్యాన్ అందులోని శత్రు రోబోలు.

కేసెట్ పెట్టడం ఒక పని

కార్ట్రిడ్జ్ అన్న మాట అప్పుడు ఎవరికీ తెలీదు, అందరికీ అది కేసెట్టే. టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి డబ్బా తీగ పెట్టాలి. టీవీలో ఖాళీ ఛానెల్ ఒకటి వెతికి, చీమలు పారే తెరలోంచి బొమ్మ తేలేదాకా ట్యూనింగ్ చక్రాన్ని గోరుతో కొంచెం కొంచెంగా తిప్పాలి. బొమ్మ వచ్చాక గొంతు రాదు, గొంతు వచ్చాక రంగు పోతుంది. మూడూ కుదిరే చోటు వెంట్రుక వాసి.

బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరితే కేసెట్ తీసి నోటితో ఊదడం అందరి అలవాటు. అది పని చేసినట్టే ఉండేది. నిజానికి పని చేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. ఆ రాపిడికి పిన్నుల మీది మైల పోయి కాంటాక్ట్ దొరికేది. ఊదినప్పుడు నోటి తడి రాగి మీద పడి, నెలలు గడిచేసరికి పచ్చగా చిలుము పట్టేది. పెన్సిల్ రబ్బరుతో రుద్దినా పిన్నులు మెరుస్తాయిగానీ పైపూత అరిగిపోతుంది. ఇప్పుడు ఎవరిదగ్గరైనా అలాంటి కేసెట్ ఉంటే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో 60 పిన్నులనీ రెండు వైపులా తుడిచి, పావుగంట ఆరనిచ్చి పెట్టండి. ముప్పై ఏళ్ల కేసెట్లు కూడా చాలావరకు అలా లేచి కూర్చుంటాయి.

ఒసాకాలో, మిగిలిన వేళల్లో

మొదటి రాక్‌మ్యాన్ ఆటని ఒసాకా కంపెనీ కాప్‌కామ్ 1987 డిసెంబర్‌లో విడుదల చేసింది, నింటెండో వాళ్ల ఫామికామ్ అనే గేమ్ డబ్బా కోసం. అకిరా కితమురా దర్శకుడు, కీజీ ఇనాఫునే బొమ్మలు గీసినవాళ్లలో ఒకడు. అందులో శత్రు రోబోలు ఆరుగురే. ఆట బాగుంది, కానీ పెద్దగా అమ్ముడుపోలేదు. రెండోది చేస్తామని వాళ్లు పట్టుబడితే, చేతిలో ఉన్న మిగతా పనులు ఆపకుండా చేసుకోండన్నారని ఇనాఫునే తర్వాత చెప్పాడు. నిద్ర మానుకుని, రోజుకి ఇరవై గంటల దాకా పనిచేసి తయారుచేశారట. 1988 డిసెంబర్ 24న రాక్‌మ్యాన్ 2 వచ్చింది. ఈసారి ఎనిమిది మంది శత్రువులు. వాళ్ల రూపాలకి ఊహలు పంపమని పిల్లల్ని అడిగితే ఎనిమిది వేలకు పైగా బొమ్మలు వచ్చాయి. ఆట 15 లక్షలకి పైగా కాపీలు అమ్ముడైంది.

కేసెట్ లోపల ఉన్న సరుకంతా 256 కిలోబైట్లు. ఇప్పుడు ఫోనులో తీసే ఒక్క ఫొటోకి చాలదు. అందులోనే ఎనిమిది లోకాలు, ఒక కోట, అన్ని పాటలు. ఆటని ఎంత ప్రేమతో చేశారో ఆ పొదుపులోనే కనిపిస్తుంది.

తెర పైకి లేచే క్షణం

స్విచ్ వేయగానే రాత్రివేళ ఒక నగరం. నెమ్మదైన రాగం. రెండు మూడు వాక్యాల కథ, 200ఎక్స్ సంవత్సరం అంటూ. అప్పుడు తెర ఒక పెద్ద మేడ వెంట పైకి పాకడం మొదలుపెడుతుంది. రాగం వేగం అందుకుంటుంది, మేడ కిటికీలు కిందికి జారిపోతూ ఉంటాయి. చిట్టచివర డాబా మీద రాక్‌మ్యాన్ నిలబడి ఉంటాడు, శిరస్త్రాణం లేకుండా, జుట్టు గాలికి ఎగురుతూ. బటన్ నొక్కితే శిరస్త్రాణం తలకి వచ్చేస్తుంది, ఒక మెరుపు గీతగా మారి పైకి వెళ్లిపోతాడు.

స్టార్ట్ నొక్కడానికి ఎవరెంత తొందరపడ్డా, ఆ మేడ అంచు వచ్చేదాకా ఆగమని పక్కనుంచి ఎవరో ఒకరు చేయి పట్టుకునేవారు.

వరస

ఈ ఆట ఆడిన వాళ్లు ఇద్దరు ఎక్కడ కలిసినా మొదటి మాట ఇదే: నీ వరస ఏంటి?

ఎనిమిది మొహాల్లో ఎవరితోనైనా మొదలెట్టొచ్చు. ఎవరిని ఓడిస్తే వాడి ఆయుధం మనది. ఆ ఆయుధం ఇంకొకడి ప్రాణం తీస్తుంది. మెటల్ మ్యాన్ చక్రంతో బబుల్ మ్యాన్ పోతాడు. బబుల్ లెడ్ అనే బరువైన నీటిగుండుతో హీట్ మ్యాన్ ఆరిపోతాడు. హీట్ మ్యాన్ నిప్పుతో వుడ్ మ్యాన్ తగలబడతాడు. వుడ్ మ్యాన్ ఆకుల కవచం ఎయిర్ మ్యాన్‌కి, ఎయిర్ మ్యాన్ సుడిగాలి క్రాష్ మ్యాన్‌కి, క్రాష్ మ్యాన్ బాంబు ఫ్లాష్ మ్యాన్‌కి. ఫ్లాష్ మ్యాన్ దగ్గర దొరికే కాలాన్ని ఆపే శక్తి క్విక్ మ్యాన్ ప్రాణంలో సగం లాగేస్తుంది. క్విక్ మ్యాన్ బూమరాంగ్ మళ్లీ మెటల్ మ్యాన్‌నే కొడుతుంది. చక్రం అక్కడ పూర్తయింది.

అంత ముచ్చటైన చక్రం ఉన్నా అందరూ దాన్నే ఎందుకు పట్టుకోలేదంటే, ముగ్గురు శత్రువుల దగ్గర ఆయుధంతో పాటు ఒక్కో వాహనం దొరుకుతుంది. హీట్ మ్యాన్ దగ్గర ఐటెమ్-1, నెమ్మదిగా పైకి తేలే పలకలు. ఎయిర్ మ్యాన్ దగ్గర ఐటెమ్-2, అడ్డంగా దూసుకుపోయే బండి. ఫ్లాష్ మ్యాన్ దగ్గర ఐటెమ్-3, గోడ వెంట పాకి ఎక్కే పెట్టె. ఇప్పుడు హీట్ మ్యాన్ దారిలో ఏముందో గుర్తు చేసుకోండి. కరిగిన లోహపు మడుగు, దాని మీద చప్పుడుతో ప్రత్యక్షమై రెండు క్షణాల్లో మాయమయ్యే ఇటుకలు. ఐటెమ్-2 ఉంటే మడుగు మీదుగా ఎగిరిపోవచ్చు. కానీ చక్రం ప్రకారం పోతే హీట్ మ్యాన్ మూడోవాడు, ఎయిర్ మ్యాన్ ఐదోవాడు. బండి చేతికి రాకముందే మడుగు దాటాలి.

అందుకే రెండు వర్గాలు. ‘మెటల్ మ్యాన్ ముందు’ వర్గం చక్రాన్ని నమ్మి, ఇటుకల్ని చెవులతో బట్టీ పట్టేది. ఇటుకల వరస ఎప్పుడూ మారదు. ఒక్కోటి వచ్చినప్పుడు వచ్చే చప్పుడుకి లయ ఉంటుంది, ఆ లయకి వేలు దూకితే చాలు. చూసి దూకితే ఆలస్యమైపోతుంది. ‘ఎయిర్ మ్యాన్ ముందు’ వర్గం ఉత్త తుపాకీతో వాడి సుడిగాలుల్లో దెబ్బలు తింటూనే కొట్టి, బండి సంపాదించుకుని మడుగు దగ్గరికి వచ్చేది. బండిని కూడా జాగ్రత్తగా వాడాలి. అది ఎగిరినంతసేపూ బలం కరుగుతూనే ఉంటుంది. ముందెక్కడో సరదాకి కాస్త వాడేసుంటే మడుగు మధ్యలో కాళ్ల కింద మాయమవుతుంది.

మెటల్ మ్యాన్ ముందు వర్గానిదే సరైన దారి. ఎందుకంటే మెటల్ బ్లేడ్ ఆటలోనే గొప్ప ఆయుధం. ఎనిమిది దిక్కుల్లోనూ విసరొచ్చు. నాలుగుసార్లు విసిరితే ఆయుధం బలంలో ఒక్క గీత తగ్గుతుంది, అంటే 28 గీతలకి 112 చక్రాలు. అది చేతిలో ఉంటే మిగిలిన ఏడు దారులూ సగం సులువు. మెటల్ మ్యాన్ గదిలో నేల కన్వేయర్ బెల్టు, ఒకసారి ఇటు జరుగుతుంది, ఒకసారి అటు. మనం కాల్చగానే వాడు ఎగురుతాడు, ఎగిరి చక్రాలు వదులుతాడు. కాబట్టి తోచినట్టు కాల్చకూడదు. ఒక గుండు, ఒక దూకు, ఒక గుండు. ఆ మూడూ పట్టుబడితే వాడు ఏమంత కష్టం కాదు.

ఎక్కడెక్కడ ప్రాణాలు పోయేవి

బబుల్ మ్యాన్ దారిలో నీళ్లు. నీళ్లలో దూకు చాలా ఎత్తు పోతుంది, నేల మీద అలవాటైన వేలు అలాగే గట్టిగా నొక్కేస్తుంది, పైకప్పుకి ముళ్లు. తగిలితే ఒక్క దెబ్బకే ప్రాణం. అక్కడ బటన్ని తాకీ తాకనట్టు నొక్కాలి. బటన్ ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు, అదే ఈ ఆటలో దూకడంలోని రహస్యం.

క్విక్ మ్యాన్ దారిలో నిలువు బావిలాంటి గదులు. కిందికి పడుతుంటే గోడల్లోంచి వెలుగు కడ్డీలు దూసుకొస్తాయి, తగిలితే అంతే. ఫ్లాష్ మ్యాన్ దగ్గర సంపాదించిన కాలాన్ని ఆపే శక్తితో వాటిని ఆపొచ్చు. కానీ ఒకసారి మొదలెడితే ఖాళీ అయ్యేదాకా ఆగదు, అది నడుస్తున్నంతసేపూ తుపాకీ పేలదు. మొదటి బావి చిన్నది, దాన్ని బట్టీ పట్టి దాటాలి. రెండో పెద్ద బావి మొదట్లో దాన్ని వాడాలి. అయితే ఇక క్విక్ మ్యాన్ మీద వాడడానికి మిగలదు. దారిలో ప్రాణం కాపాడుకోవాలా, గదిలో వాడి సగం ప్రాణం తీయాలా అన్న ఈ లెక్క మీద ఎన్ని మధ్యాహ్నాలు వాదనలు నడిచాయో.

వుడ్ మ్యాన్ మీద నిప్పు వాడేటప్పుడు కూడా లెక్కుంది. బటన్ నొక్కి పట్టి నిప్పుని పూర్తిగా రగిలిస్తే 10 గీతలు ఖర్చు. అంటే 28 గీతలకి రెండే రెండు పెద్ద నిప్పులు. వాడి ఆకుల కవచం వాడి చుట్టూ తిరుగుతున్నప్పుడు వేస్తే నిప్పు వృథా. కవచాన్ని మన మీదికి వదిలి వాడు ఎగిరే సందులో వేయాలి. రెండూ తగిలితే ఆట అయిపోయినట్టే.

అమెరికా కేసెట్‌లో మొదట్లోనే నార్మల్, డిఫికల్ట్ అని అడుగుతుంది. నార్మల్‌లో మన దెబ్బలకి బలం రెట్టింపు. జపాన్ కేసెట్‌లో ఆ ప్రశ్నే లేదు, అందరికీ కష్టమైనదే. మన దగ్గరి మెషిన్లు 60 పిన్నుల జపాన్ తరహావి. అందులో జపాన్ రూపం పెట్టుకుని ఆడిన వాళ్లు, తమకి తెలియకుండానే కష్టమైన ఆట ఆడి గెలిచారు.

నీలం రంగు, వణికే బొమ్మ

ఫామికామ్‌లో కదిలే బొమ్మ ఒక్కోదానికి మూడు రంగులే, నాలుగోది పారదర్శకం. మూడు రంగులతో శరీరం గీస్తే మొహానికి చర్మపు రంగు మిగలదు. అందుకని రాక్‌మ్యాన్ మొహాన్ని వేరే బొమ్మగా గీసి శరీరం మీద అతికించారు. ఆయుధం మార్చినప్పుడు ఒళ్లంతా ఎరుపో ఆకుపచ్చో అయ్యి మొహం మాత్రం అలాగే ఉండడానికి కారణం అదే. శరీరం రంగులు రెండు మార్చేస్తే కొత్త దుస్తులు వచ్చినట్టే. నీలాన్ని ఎంచుకున్నది కూడా ఆ యంత్రం రంగుల్లో నీలం ఛాయలు ఎక్కువ ఉండడం వల్లే.

తెర మీద శత్రువులు గుమిగూడితే బొమ్మలు వణికేవి. కేసెట్ పాడైందని చాలామంది భయపడి మళ్లీ ఊదేవాళ్లు. ఒకే అడ్డగీత మీద ఎనిమిది బొమ్మ ముక్కల కంటే ఎక్కువ ఆ డబ్బాలోని బొమ్మల చిప్ చూపించలేదు. తొమ్మిదోది వస్తే ఆట ఒక ఫ్రేములో ఒకటి, ఇంకో ఫ్రేములో ఇంకొకటి దాచుతూ నెట్టుకొస్తుంది. ఆ దాగుడుమూతలే వణుకు.

నెమ్మదిగా వినిపించిన పాట

రాక్‌మ్యాన్ 2 పాటలు ఎక్కువగా తకాషి తతేయిషి కట్టాడు. ఆ డబ్బా సౌండ్ చిప్‌లో ఐదు గొంతులు: రెండు రాగానికి, ఒకటి బాస్‌కి, ఒకటి తాళానికి గరగరమనే శబ్దం, ఐదోది చిన్న నమూనా శబ్దాలకి. తుపాకీ పేలినప్పుడు ఆ చప్పుడు కూడా వీటిలోంచే రావాలి. అందుకే గట్టిగా కాలుస్తుంటే పాటలో ఒక గొంతు తెగి తెగి వినిపించేది. ఎనిమిది మందీ పోయాక వచ్చేది ఆట అసలు విలన్ డాక్టర్ వైలీ కోట, దాని మొదటి దారిలో వచ్చే పాటని పూర్తిగా వినాలంటే కాల్చకుండా నిలబడి వినాలి. అలా నిలబడి వినేవాళ్లు కూడా ఉండేవాళ్లు.

ఇంకో సంగతి. జపాన్, అమెరికా టీవీలు సెకనుకి 60 ఫ్రేములు నడిపేవి. మన టీవీలది పాల్ (PAL) అనే పద్ధతి, వాటి కోసం చేసిన ఫామికామ్ నకలు మెషిన్లు 50. ఈ ఆటలో పాట తాళం ఫ్రేముల లెక్కకి కట్టి ఉంది. కాబట్టి మన ఇళ్లలో అదే పాట ఆరో వంతు నెమ్మదిగా నడిచింది, శృతి మాత్రం దాదాపు మారకుండా. ఇప్పుడు ఫోనులో అసలు పాట వింటే ‘ఎందుకింత పరుగు పెడుతోంది’ అనిపించేది అందుకే. జ్ఞాపకం తప్పు కాదు. మన గదుల్లో మోగింది నిజంగానే ఆ నెమ్మది పాట. శత్రువులు కూడా అంతే నెమ్మదిగా నడిచారు. ఇప్పుడు అసలు వేగంతో ఆడితే వేలు వెనకబడిపోతుంటే కంగారు పడక్కర్లేదు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

ఐదు చుక్కలు, ఐదు వరసలు

కరెంటు పోవడం రోజువారీ సంగతి. ఆరుగురిని ఓడించి ఏడోవాడి తలుపు దగ్గర ఉండగా ఫ్యాను చప్పుడు మెల్లగా తగ్గడం మొదలయ్యేది. ఆ చప్పుడు వినగానే గుండె జారిపోయేది.

దానికి మందు పాస్‌వర్డ్. ప్రాణాలన్నీ పోయి గేమ్ ఓవర్ అయినప్పుడో, ఒక శత్రువుని ఓడించాకో అడిగితే, ఐదు గళ్లు ఐదు వరసల పలక ఒకటి చూపించి అందులో ఎర్ర చుక్కలు పెడుతుంది. ఎప్పుడు చూసినా తొమ్మిదే చుక్కలు. మొదటి వరసలో ఒకే చుక్క, మన దగ్గర ఎన్ని ఈ-ట్యాంకులు (ప్రాణం మళ్లీ నింపే డబ్బాలు) ఉన్నాయో అది చెబుతుంది. మొదటి గడిలో ఉంటే ఒక్కటీ లేదు, ఐదో గడిలో ఉంటే నాలుగు. మిగిలిన ఎనిమిది చుక్కలు ఎనిమిది మంది సంగతి, ఒక్కొక్కరికి ఒక్క చుక్క. వాడు బతికుంటే ఒక గడిలో, పోతే ఇంకో గడిలో.

చదరపు గళ్ల లెక్కల పుస్తకం వెనక అట్ట దీనికోసమే పుట్టినట్టుండేది. ముగ్గు వేసే చేతులకి ఐదు చుక్కలు ఐదు వరసలు అంటే ఒక్కసారి చూస్తే చాలు. ఆట ఆడని అక్కలే చుక్కల్ని తప్పుల్లేకుండా దించి ఇచ్చేవాళ్లు. ఒక్క చుక్క పక్క గడిలో పడినా పలక ఒప్పుకోదు.

అందరినీ ఓడించి, నాలుగు ఈ-ట్యాంకులతో కోట ముందు నిలబెట్టే చుక్కలు ఇవి: ఏ5, బి2, బి4, సి1, సి3, సి5, డి4, డి5, ఈ2. అక్షరం వరసకి, అంకె గడికి. ఈ ఒక్క పాస్‌వర్డ్ చేతులు మారుతూ ఎన్ని ఊళ్లు తిరిగిందో లెక్క లేదు.

కోట

కోట మొదటి దారి చివర తెర నల్లగా అయిపోయి వెనకనుంచి తెరలో సగం ఉండే యంత్ర డ్రాగన్ తరుముతుంది. అంత పెద్ద బొమ్మని కదిలే బొమ్మ ముక్కలతో గీయడం ఆ చిప్‌కి చేతకాదు. కాబట్టి దాన్ని నేపథ్యంగానే గీసి, అసలు నేపథ్యాన్ని తీసేశారు. నలుపుకి కారణం అదే, భయానికి కూడా అదే. ఒంటి ఇటుకల మీద దూకుతూ పారిపోవాలి, డ్రాగన్ తగిలితే ఒక్కసారికే పోతాం.

నాలుగో దారిలో గోడలకి అతుక్కున్న ఐదు తుపాకుల గది, ఆటలో అన్నింటికంటే కఠినమైనది. వాటికి క్రాష్ బాంబు తప్ప ఏదీ అంటదు. ఒక బాంబుకి 4 గీతలు, అంటే నిండుగా ఉన్నా ఏడు బాంబులే. ఐదు తుపాకులకి ఐదు, మిగిలిన రెండూ మధ్యలో అడ్డుగోడలకి. ఒక్కటి కూడా దండగ కాకూడదు. ఎత్తున ఉన్నవాటి దగ్గరికి గోడ పగలగొట్టకుండా ఐటెమ్‌ల మీద ఎక్కి వెళ్లాలి. పైగా ప్రాణం పోయినా ఆయుధంలో బలం మళ్లీ నిండదు. బాంబులు అయిపోయాక ఆ గదిలో నిలబడితే చావడం తప్ప దారి లేదు. చచ్చాక, గదికి ముందున్న చిన్న శత్రువుల్ని పదే పదే చంపి, రాలిన బలం గుళికలు ఏరుకోవాలి. లేదా గేమ్ ఓవర్ కానిచ్చి మళ్లీ మొదటినుంచి. ఈ గదిని ఇంత బిగుతుగా కట్టడం మాత్రం న్యాయంగా లేదు. మిగతా ఆటంతా తప్పు చేసినవాడికి నేర్పుతుంది, ఈ గది మాత్రం వెనక్కి పంపుతుంది.

ఐదో దారిలో ఎనిమిది మందీ మళ్లీ. అక్కడ మెటల్ మ్యాన్ మీద వాడి చక్రమే విసిరి చూడండి, ఒకటి రెండు దెబ్బల్లో కూలిపోతాడు.

ఆరో దారిలో పాట ఆగిపోతుంది. అన్ని గంటలు మోగిన సంగీతం ఒక్కసారిగా లేదు. గుహ, శత్రువులు లేరు, పైనుంచి ఎర్రటి చుక్కలు టప్ టప్‌మని పడడం ఒక్కటే. ఆ చుక్కలు తగలకుండా నెమ్మదిగా నడవాలి. గదిలో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. చివర డాక్టర్ వైలీ గ్రహాంతరవాసిగా మారతాడు, దానికి బబుల్ లెడ్ ఒక్కటే పనిచేస్తుంది. దాన్ని ముందే ఖర్చుపెట్టేసుకున్నవాళ్లకి అక్కడ చేయగలిగింది లేదు. గెలిస్తే అదంతా ఒక ప్రొజెక్టర్ బొమ్మ అని తేలుతుంది, వైలీ మోకాళ్ల మీద పడి దండం పెడతాడు.

ఆ తర్వాత రాక్‌మ్యాన్ నడుస్తూ ఉంటాడు. వాన వస్తుంది, మంచు వస్తుంది, పూలు రాలతాయి, వాడి ఒంటి రంగులు మారుతూ పోతాయి. చివరికి ఒక దిబ్బ, కింద దూరంగా ఊరు, గడ్డి మీద శిరస్త్రాణం మాత్రం. వాడు లేడు. ఆట చేసినవాళ్ల పేర్లు వస్తాయి, అన్నీ మారుపేర్లే. ఇనాఫునే అక్కడ ఇనాఫ్‌కింగ్. పేర్లన్నీ అయిపోయేదాకా ఎవరూ స్విచ్ ఆపేవాళ్లు కాదు. అప్పటికి అడాప్టర్ ముట్టుకుంటే చేయి చుర్రుమనేది.